సైప్రస్‌లో సీటు సరే, ఏ సైప్రస్‌లో?

అడ్మిషన్ లెటర్ చేతికి రాగానే ఇంట్లో అందరి కళ్లూ వెతికేది కోర్సు పేరు, ఫీజు, ఆ పక్కనే స్కాలర్‌షిప్ శాతం. సైప్రస్ నుంచి వచ్చిన లెటరైతే వాటికన్నా ముందు కాగితం అడుగున సన్నటి అక్షరాల్లో ఉండే చిరునామా చదవాలి. ఊరి పేరు పక్కన ‘మెర్సిన్ 10, టర్కీ’ అని ఉందా? ఫోన్ నంబరు +90 392తో మొదలవుతోందా? వెబ్‌సైటు చిరునామా చివర ‘సీవై’ బదులు ‘టీఆర్’ ఉందా? అయితే ఆ విశ్వవిద్యాలయం ద్వీపం ఉత్తర భాగంలో ఉన్నట్టు. ఫోన్ నంబరు +357తో మొదలైతే దక్షిణం. ఈ రెంటి మధ్య దూరం నికోసియా నగరం నడిబొడ్డున కొద్ది మీటర్లే. చదువు పూర్తయ్యాక చేతికొచ్చే పట్టా విలువలో మాత్రం ఆ కొద్ది మీటర్లే పెద్ద తేడా తెస్తాయి.

మెర్సిన్ సైప్రస్‌లో ఊరే కాదు. టర్కీ దక్షిణ తీరంలో ఉన్న రేవు పట్టణం. ఉత్తర సైప్రస్‌ని దేశంగా అంతర్జాతీయ తపాలా వ్యవస్థ గుర్తించదు కాబట్టి, అక్కడికి పోవాల్సిన ఉత్తరాలన్నీ టర్కీ పేరు మీద, మెర్సిన్ మీదుగా వెళ్తాయి. ఒక విశ్వవిద్యాలయం తన సొంత చిరునామా కింద పక్క దేశం పేరు రాసుకోవాల్సి వస్తోందంటే దాని వెనక కథ తెలుసుకోకుండా ఫీజు కట్టకూడదు. సైప్రస్ చదువుల గురించి మన దగ్గర వినిపించే పరస్పర విరుద్ధమైన మాటలు చాలావరకు ఇక్కడే పుడుతున్నాయి. ఒకరు చెప్పేది ఉత్తరం గురించి, ఇంకొకరు చెప్పేది దక్షిణం గురించి. వినేవాళ్లకి రెండూ సైప్రసే.

కథ పాతదే. సైప్రస్ 1960 ఆగస్టు 16న బ్రిటన్ నుంచి స్వతంత్రమైంది. జనాభాలో అత్యధికులు గ్రీకు మాట్లాడేవాళ్లు, ఐదో వంతు కన్నా కాస్త తక్కువగా టర్కిష్ మాట్లాడేవాళ్లు. మూడేళ్లు దాటాయో లేదో, 1963 డిసెంబరులో రెండు వర్గాలూ కొట్లాటకు దిగాయి. వాళ్లని విడదీయడానికి ఒక బ్రిటిష్ సైనికాధికారి నికోసియా మ్యాపు మీద ఆకుపచ్చ పెన్సిల్‌తో గీత గీశాడు. దాన్ని ఇప్పటికీ గ్రీన్ లైన్ అనే అంటారు. 1964 మార్చిలో ఐక్యరాజ్యసమితి శాంతిదళం ఏర్పడింది, ఇంకా అక్కడే ఉంది. దాని తొలి కమాండర్ మన దేశానికి చెందిన జనరల్ పి.ఎస్. జ్ఞానీ. తర్వాత ఆ బాధ్యత చూసిన జనరల్ కె.ఎస్. తిమ్మయ్య 1965 డిసెంబరులో సైప్రస్‌లోనే కన్నుమూశారు. ఆయన గౌరవార్థం ఆ దేశం తపాలా బిళ్ల కూడా విడుదల చేసింది.

1974 జులై 15న గ్రీసు సైనిక ప్రభుత్వం అండతో సైప్రస్‌లో సైనిక తిరుగుబాటు జరిగింది. ఐదు రోజులకు టర్కీ సేనలు ఉత్తర తీరాన దిగాయి. ఆగస్టు ముగిసేసరికి ద్వీపంలో మూడో వంతుకు పైగా భూభాగం వాళ్ల అధీనంలోకి వచ్చింది. ఉత్తరాన ఉన్న గ్రీకులు దక్షిణానికి, దక్షిణాన ఉన్న టర్కులు ఉత్తరానికి ఇళ్లూ వాకిళ్లూ వదిలి వలసపోయారు. 1983 నవంబరు 15న ఉత్తర భాగం తనను తాను స్వతంత్ర దేశంగా ప్రకటించుకుంది. మూడు రోజుల్లోనే భద్రతా మండలి 541వ తీర్మానంతో ఆ ప్రకటన చెల్లదని తేల్చింది. ఆ దేశాన్ని గుర్తిస్తున్నది ఇప్పటికీ టర్కీ ఒక్కటే. భారత్ గుర్తించే సైప్రస్ ఒకటే, దక్షిణ నికోసియా రాజధానిగా నడిచే సైప్రస్ రిపబ్లిక్. మన హైకమిషన్ ఉన్నదీ అక్కడే.

2004లో సైప్రస్ యూరోపియన్ యూనియన్‌లో చేరడంతో చిక్కు ఇంకో ముడి పడింది. చేరికకు వారం ముందు ద్వీపాన్ని ఏకం చేసే ఐరాస ప్రణాళిక మీద రెండువైపులా రెఫరెండం పెట్టారు. ఉత్తరాన 65 శాతం సరేనన్నారు, దక్షిణాన 76 శాతం వద్దన్నారు. విభజన అలాగే మిగిలింది. చట్టం ప్రకారం ద్వీపం మొత్తం ఈయూలో భాగమే. కానీ రిపబ్లిక్ ప్రభుత్వ అదుపులో లేని ప్రాంతంలో ఈయూ చట్టాల అమలును నిలిపివేస్తున్నట్టు చేరిక ఒప్పందంలోని 10వ ప్రోటోకాల్ చెబుతుంది. ఉత్తరాది కాలేజీ బ్రోచరులో ‘యూరప్‌లో చదువు’ అని కనిపిస్తే అది పచ్చి అబద్ధమని అనలేం. మ్యాపు చూపిస్తే నిజమే, వీసా అడిగితే కాదు.

ఈ రాజకీయమంతా విద్యార్థికి మొట్టమొదట తగిలేది విమానం టికెట్టు దగ్గర. దక్షిణాన లార్నకా, పాఫోస్ విమానాశ్రయాలున్నాయి. ఉత్తరాన ఎర్జాన్. తన గగనతలంలో ఏ విమానాశ్రయం పనిచేయాలో నిర్ణయించే హక్కు గుర్తింపు ఉన్న దేశానిదే. రిపబ్లిక్ ఎర్జాన్‌ని ఒప్పుకోదు. అందుకే అక్కడికి పోయే ప్రతి విమానమూ టర్కీలో ఆగాల్సిందే. హైదరాబాద్ నుంచి బయల్దేరిన కుర్రాడు ఇస్తాంబుల్‌లోనో మరో టర్కీ నగరంలోనో దిగి, అక్కడి నుంచి ఎర్జాన్ చేరతాడు. ఉత్తరాది అధికారుల లెక్కలో అతను పద్ధతిగా వచ్చిన విద్యార్థి. రిపబ్లిక్ లెక్కలో అనుమతి లేని ద్వారం గుండా దేశంలోకి వచ్చిన మనిషి.

దీని అర్థం పూర్తిగా తెలిసేది లెడ్రా వీధిలో. నికోసియా పాత ఊళ్లో పాదచారుల కోసం వదిలిన బజారు అది. బట్టల దుకాణాలు, కాఫీ కొట్లు దాటుకుంటూ నడుస్తుంటే వీధి మధ్యలో పోలీసు బూత్ వస్తుంది. తర్వాత కాస్త ఖాళీ జాగా, రెండువైపులా మూతపడ్డ పాత భవనాలు. ఆ తర్వాత ఇంకో బూత్, మళ్లీ దుకాణాలు. 2008 ఏప్రిల్‌లో ఈ దారి తెరిచారు. జర్మనీ నుంచి వచ్చిన పర్యాటకుడు పాస్‌పోర్టు చూపించి మధ్యాహ్నం అటు భోంచేసి సాయంత్రానికి ఇటు వచ్చేస్తాడు. ఎర్జాన్‌లో దిగిన మన విద్యార్థి అదే వీధిలో రెండో వైపు నిలబడి, వంద అడుగుల దూరంలో యూరో కరెన్సీతో నడిచే దుకాణాలను చూడగలడు, పోలేడు. చేతిలో ఉన్న ఉత్తరాది పర్మిట్ దక్షిణాది బూత్‌లో చెల్లదు. ‘ముందు ఉత్తరంలో చేరు, తర్వాత మెల్లగా అటు మారొచ్చు’ అని ఎవరైనా ఏజెంటు అంటే అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఏ కాగితం మీద?

కాగితం లేకుండా గీత దాటేవాళ్లూ ఉన్నారు. సుమారు 180 కిలోమీటర్ల బఫర్ జోన్‌లో కంచె లేని చోట్లున్నాయి. దాటినవాళ్లలో చాలామంది దక్షిణాన ఆశ్రయం కోరుతూ దరఖాస్తు పెట్టుకుంటారు. జనాభాతో పోలిస్తే ఈయూలో అత్యధిక ఆశ్రయ దరఖాస్తులు వచ్చిన దేశంగా సైప్రస్ కొన్నేళ్లు వరసగా నిలిచింది. డిగ్రీ కోసం వెళ్లిన పిల్లవాడు ఆ వరసలో నిలబడితే చదువు అక్కడితో సరి. దక్షిణాది ప్రభుత్వం విద్యార్థి వీసాలను అనుమానంగా చూడటానికి ఇదొక కారణం. ఆ బరువు సక్రమంగా దరఖాస్తు చేసుకునే వాళ్ల మీద కూడా పడుతోంది.

ఇక పట్టా సంగతి. విదేశీ డిగ్రీకి మన దేశంలో సమాన హోదా ఇచ్చే పని చాలాకాలం భారత విశ్వవిద్యాలయాల సంఘం చూసేది. 2025 ఏప్రిల్‌లో యూజీసీ ఇందుకోసం ప్రత్యేక నిబంధనలు నోటిఫై చేసింది. వాటిలో మొదటి షరతు, డిగ్రీ ఇచ్చిన సంస్థకు దాని సొంత దేశంలో గుర్తింపు ఉండాలన్నది. సొంత దేశం అంటే ఏది? భారత్ దృష్టిలో అక్కడ ఉన్న దేశం సైప్రస్ రిపబ్లిక్ ఒకటే. ఆ రిపబ్లిక్ తన ఉత్తర భాగంలో నడిచే విశ్వవిద్యాలయాలను చట్టవిరుద్ధమైనవిగానే పరిగణిస్తుంది. అక్కడ వాటికి గుర్తింపునిచ్చేది ఉత్తరాది పాలన ఏర్పాటు చేసుకున్న మండలి, ఆ పైన టర్కీ ఉన్నత విద్యా మండలి. గ్రూప్స్ పరీక్షలకో, మన దగ్గర పీహెచ్‌డీకో, ప్రభుత్వ ఉద్యోగానికో ఈ డిగ్రీ చూపించాలనుకునేవాళ్లు ఈ చిక్కుముడిని సర్టిఫికెట్ వచ్చాక కాదు, ఫీజు కట్టక ముందే యూజీసీకి రాసి తేల్చుకోవాలి. జవాబు మెయిల్ రూపంలో ఉండాలి. ‘మా దగ్గర చదివినవాళ్లంతా ఉద్యోగాల్లో ఉన్నారు’ అనే మాట జవాబు కాదు.

వైద్య విద్యలో ఈ చిక్కు మరీ ముదురుతుంది, ఎందుకంటే డబ్బు ఎక్కువ, వెనక్కి తగ్గే వీలు తక్కువ. విదేశాల్లో ఎంబీబీఎస్‌కి సమానమైన కోర్సు చేసే వాళ్లకి జాతీయ వైద్య కమిషన్ 2021 నవంబరులో ఇచ్చిన నిబంధనలు వర్తిస్తాయి. నీట్‌లో అర్హత ఉండాలి. కోర్సు కనీసం 54 నెలలు, ఇంగ్లిష్ మాధ్యమంలో ఉండాలి. అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి. అసలు గండం ఆ తర్వాతి షరతు: పట్టా ఇచ్చిన దేశంలో, ఆ దేశ పౌరులతో సమానంగా డాక్టరుగా ప్రాక్టీసు చేసే అర్హత ఆ పట్టాతో రావాలి. ఇవన్నీ దాటాక మన దగ్గర పరీక్ష, మళ్లీ 12 నెలల ఇంటర్న్‌షిప్. దేశమే వివాదంలో ఉన్నచోట ‘ఆ దేశంలో ప్రాక్టీసు అర్హత’ని ఎవరు ధ్రువీకరిస్తారు? దక్షిణాన ఇంత తలనొప్పి లేకపోయినా, అక్కడ రోగులు మాట్లాడేది గ్రీకు. ఇంటర్న్‌షిప్ ఏ ఆసుపత్రిలో, ఏ భాషలో, లైసెన్సుకి గ్రీకు పరీక్ష ఉందా అన్నవి రాతపూర్వకంగా అడగాలి. నా మట్టుకు నేను, సైప్రస్‌లో ఏ వైపైనా సరే, వైద్యం చదవమని మధ్యతరగతి ఇంటికి సలహా ఇవ్వను.

ఉత్తరాది విశ్వవిద్యాలయాలన్నీ బోర్డు తిప్పేసే రకమని అనుకుంటే అదీ పొరపాటే. ఫమగుస్తాలోని ఈస్టర్న్ మెడిటరేనియన్ విశ్వవిద్యాలయం మూలాలు 1979 నాటివి. పెద్ద క్యాంపస్, ప్రయోగశాలలు ఉన్నాయి. కొన్ని ఇంజినీరింగ్ కోర్సులకు అమెరికా సంస్థ అబెట్ గుర్తింపు ఉంది. నికోసియా ఉత్తర భాగంలో 1988లో మొదలైన నియర్ ఈస్ట్ విశ్వవిద్యాలయానికి సొంత ఆసుపత్రి ఉంది. టర్కీ నుంచి, నైజీరియా నుంచి, పాకిస్తాన్, ఇరాన్‌ల నుంచి వేలమంది వచ్చి చదువుకుంటున్నారు. చదువు బాగాలేదన్నది ఇక్కడ ప్రశ్న కాదు. పట్టాకి ఏ సరిహద్దు దాకా విలువ అన్నదే ప్రశ్న.

అయితే కొద్ది లక్షల జనాభాకి అక్కడ 20కి పైగా విశ్వవిద్యాలయాలున్నాయన్నది మర్చిపోకూడదు. పర్యాటకంతో పాటు విదేశీ విద్యార్థుల మీద ఆధారపడి ఆ ప్రాంతం బతుకుతోంది. అన్ని విశ్వవిద్యాలయాలకూ ఆదాయం కావాల్సినచోట నాణ్యత మీద పట్టు సడలుతుంది. 2024లో అక్కడ నకిలీ డిప్లొమాల కేసు బయటపడి అరెస్టుల దాకా వెళ్లింది. విద్యార్థులకు ఇచ్చే 50 శాతం స్కాలర్‌షిప్ కూడా ఈ పోటీలోంచి పుట్టిందే. మార్కులతో నిమిత్తం లేకుండా దాదాపు ప్రతి విదేశీ విద్యార్థికీ దొరికేది స్కాలర్‌షిప్ ఎలా అవుతుంది? మన ఆషాఢం సేల్‌లో చీర మీద కొట్టేసిన ధర లాంటిది. లెక్క వేయాల్సింది తగ్గించాక కట్టే మొత్తాన్ని. తిండి లాంటి రోజువారీ ఖర్చులు టర్కీ లీరాలో ఉంటాయి కానీ అద్దె తరచూ బ్రిటిష్ పౌండ్లలో, ఫీజు సాధారణంగా యూరోల్లోనో డాలర్లలోనో అడుగుతారు.

దక్షిణాన గుర్తింపు సమస్య లేదు. మిగతా సమస్యలు ఉన్నాయి. అందరికీ తెలిసిన ప్రభుత్వ సంస్థ సైప్రస్ విశ్వవిద్యాలయం. 1989లో చట్టం వచ్చింది, 1992లో మొదటి విద్యార్థులు చేరారు. పరిశోధనలో మంచి పేరుంది. అక్కడ బీఏ, బీఎస్సీ స్థాయి చదువు ప్రధానంగా గ్రీకులో నడుస్తుంది. ఇంగ్లిష్‌లో కొన్ని మాస్టర్స్ కోర్సులున్నాయి. లిమసోల్‌లోని సాంకేతిక విశ్వవిద్యాలయం పరిస్థితీ దాదాపు అంతే. కాబట్టి ఇంటర్ అయిపోయి డిగ్రీకి వెళ్లాలనుకునే మన పిల్లలకు మిగిలేది ప్రైవేటు విశ్వవిద్యాలయాలు: నికోసియా విశ్వవిద్యాలయం, యూరోపియన్ యూనివర్సిటీ సైప్రస్, ఫ్రెడరిక్ లాంటివి. ఈ మూడింటికీ విశ్వవిద్యాలయ హోదా వచ్చింది 2007లో. వీటి కింది మెట్టులో చిన్నచిన్న కాలేజీలు బోలెడు. ఏజెంట్లు ఎక్కువగా పంపేది ఈ మెట్టుకే, ఫీజు తక్కువ కనక. ఇక్కడ చూడాల్సింది కాలేజీ పేరు కాదు, కోర్సు పేరు. సైప్రస్ నాణ్యతా హామీ సంస్థ ఒక్కో కోర్సుని విడివిడిగా మదింపు చేస్తుంది. ఒకే కాలేజీలో హోటల్ మేనేజ్‌మెంట్‌కి ఆమోదం ఉండి, పక్క గదిలోని కంప్యూటర్ కోర్సుకి లేకపోవచ్చు. ఆమోదం పొందిన కోర్సుల జాబితా ఆ సంస్థ వెబ్‌సైటులో ఉచితంగానే దొరుకుతుంది.

‘సైప్రస్ వెళ్తే యూరప్ అంతా తిరగొచ్చు’ అన్న మాట కన్సల్టెన్సీ ఆఫీసుల్లో తరచూ వినిపిస్తుంది. 2025 నాటికి సైప్రస్ షెంగెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాల కూటమిలో లేదు. అక్కడి విద్యార్థి పర్మిట్‌తో ఇటలీ చూసి రావాలన్నా మళ్లీ షెంగెన్ వీసా పెట్టుకోవాల్సిందే, ఉద్యోగం మాట అటుంచండి. పార్ట్‌టైమ్ పని సంగతీ అంతే. వారానికి 20 గంటల పరిమితి, అదీ కొన్ని రంగాల్లోనే, అదీ వచ్చిన వెంటనే కాదు. ఆ సంపాదనతో ఫీజు కట్టేయొచ్చని ఎవరైనా లెక్క చూపిస్తే ఆ లెక్క కాగితాన్ని అక్కడే వదిలేసి రావడం మంచిది. చదువు పూర్తయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికో వ్యాపారం పెట్టుకోవడానికో కనీసం తొమ్మిది నెలలు ఉండనివ్వాలని ఈయూ 2016లో తెచ్చిన ఆదేశం చెబుతుంది. ఆ తొమ్మిది నెలల్లో ఏ ఉద్యోగం దొరుకుతుందన్నది కోర్సుని బట్టి. లిమసోల్ నౌకా నిర్వహణ కంపెనీలకు ప్రపంచంలోనే పేరున్న చోటు. ఫైనాన్స్, సాఫ్ట్‌వేర్ కంపెనీలూ చేరాయి. ఆ రంగాల్లో అనుభవం ఉండి మాస్టర్స్‌కి వెళ్లేవాళ్లకి సైప్రస్ ఆలోచించదగ్గదే. చిన్న కాలేజీలో సాదా బిజినెస్ డిగ్రీ కోసం నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి వెళ్లడం నాకైతే ఏ కోణంలోనూ అర్థం కాదు. తెలంగాణ అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి వర్తించే దేశాల జాబితాలో సైప్రస్ లేదు కాబట్టి ఆ సాయమూ అందదు.

భాష నేర్పే స్కూళ్ల విషయం ఎవరూ సరిగా చెప్పరు. ‘ఐఈఎల్‌టీఎస్ అక్కర్లేదు’ అన్న ప్రకటన చూసి సంబరపడేవాళ్లకి, అక్కడ దిగాక కాలేజీ సొంతంగా ఇంగ్లిష్ పరీక్ష పెడుతుందని తెలియదు. అందులో గట్టెక్కకపోతే ముందు ఫౌండేషన్‌లో, అంటే ఇంగ్లిష్ సన్నాహక తరగతుల్లో కూర్చోవాలి. ఉత్తరాది పెద్ద విశ్వవిద్యాలయాలకు ఇందుకోసం ప్రత్యేకంగా భాషా పాఠశాలలే ఉన్నాయి. అది సెమిస్టరు కావచ్చు, ఏడాది కావచ్చు. ఆ కాలానికి ఫీజు, అద్దె, పర్మిట్ ఖర్చులన్నీ అదనం. నాలుగేళ్ల డిగ్రీ ఐదేళ్లవుతుంది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో మూడు నెలలు కూర్చుని ఐఈఎల్‌టీఎస్ రాసెయ్యడం దీనికన్నా ఎంతో చవక. గ్రీకు నేర్చుకోవాలన్న కోరిక నిజంగా ఉంటే సైప్రస్ విశ్వవిద్యాలయంలోనే ఆధునిక గ్రీకు నేర్పే పాఠశాల ఉంది. దక్షిణాన ఉద్యోగం చేసి స్థిరపడదామనుకునే వాళ్లకి ఇంగ్లిష్ కన్నా అదే ఎక్కువ పనికొస్తుంది.

కేవలం ఇంగ్లిష్ కోసమే మధ్యధరా ద్వీపానికి వెళ్లాలనుకుంటే చూడాల్సింది మాల్టా వైపు. మాల్టీస్‌తో పాటు ఇంగ్లిష్ అక్కడ అధికార భాష. 2004 నుంచి ఈయూలో, 2007 చివరి నుంచి షెంగెన్‌లో ఉంది. ఇంగ్లిష్ నేర్పే స్కూళ్లకు ప్రభుత్వం లైసెన్సు ఇస్తుంది, ఆ పర్యవేక్షణకు విడిగా కౌన్సిల్ ఉంది. 1592లో జెసూట్లనే క్రైస్తవ గురువుల కళాశాలగా పుట్టిన మాల్టా విశ్వవిద్యాలయంలో బోధన కూడా ప్రధానంగా ఇంగ్లిష్‌లోనే. ఐరోపా పిల్లలు వేసవిలో వచ్చి నాలుగు వారాలు ఇంగ్లిష్ నేర్చుకుని పోయే చోటది. ఇంగ్లిష్ మీడియంలో బీటెక్ చేసినవాళ్లకి ఆ స్కూళ్లలో కొత్తగా నేర్చుకునేది తక్కువ. షెంగెన్ వీసా దొరుకుతుందన్న ఆశతో భాషా కోర్సు ఫీజు కట్టేవాళ్లుంటే, మన వీసా దరఖాస్తులో బీటెక్ ఇంగ్లిష్ మీడియం పట్టా పక్కన ‘ఇంగ్లిష్ నేర్చుకోవడానికి’ అన్న కారణం చూసి వీసా అధికారి ఏమనుకుంటాడో ఒకసారి ఊహించుకోవాలి.

ఇప్పటికే ఉత్తరాన చేరి సగం చదివేసినవాళ్ల సంగతేమిటి? దక్షిణానికి మారే దారి దాదాపు మూసుకుపోయినట్టే, కానీ టర్కీ వైపు తలుపు తెరిచే ఉంది. ఆ పట్టాని టర్కీ ఒప్పుకుంటుంది. అక్కడ మాస్టర్స్‌కి చేరితే చేతికొచ్చేది ప్రపంచం గుర్తించే దేశం ఇచ్చిన డిగ్రీ. అబెట్ లాంటి బయటి గుర్తింపు ఉన్న కోర్సు చదువుతున్నవాళ్లు ఆ ధ్రువపత్రం నకలు, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా చెల్లుతుందో ఉన్న పేజీతో సహా, డిగ్రీ అయ్యేలోపే తీసి పెట్టుకోవాలి. ప్రైవేటు కంపెనీల్లో, మూడో దేశపు విశ్వవిద్యాలయాల్లో అడిగితే చూపించడానికి పనికొచ్చేది అదే. ట్రాన్‌స్క్రిప్టులు, సిలబస్ కాపీలు కూడా సీలు వేయించుకుని దగ్గరుంచుకోవాలి. ఇంటికొచ్చాక వాటికోసం ఉత్తరం రాస్తే అది మెర్సిన్ మీదుగా పోయి రావాలి.